ఎర్ర త్రికోణం దగ్గర ఒక్క నిమిషం



కరెంటు బిల్లు కట్టాలనో, పిల్లల పరీక్షా ఫలితాలు చూడాలనో, పింఛను వివరాలు సరిచూసుకోవాలనో ఒక వెబ్‌సైట్ తెరుస్తాం. కావలసిన పేజీ రాదు. తెల్లటి తెర మీద ఒక ఎర్ర త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం, దాని కింద పెద్ద అక్షరాల్లో ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’ అన్న మాట కనిపిస్తాయి. అప్పుడు కొందరు కంప్యూటర్‌కి వైరస్ పట్టిందని కంగారుపడి మూసేస్తారు. చాలామంది ‘అడ్వాన్స్‌డ్’ అన్న బటన్ నొక్కి, దాని కింద వచ్చే ‘ప్రొసీడ్’ నొక్కి లోపలికి వెళ్ళిపోతారు. వెళ్ళి పాస్‌వర్డ్ కొడతారు, కార్డు నంబరు కొడతారు.

మూసేయక ముందు, నొక్కక ముందు చేయవలసిన పని ఒకటుంది. ఆ పేజీలోనే సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఒక పొడుగాటి ఇంగ్లీషు పంక్తి ఉంటుంది. మాటల మధ్య ఖాళీలకు బదులు అడ్డగీతలుంటాయి కాబట్టి అది మనకోసం రాసింది కాదనిపిస్తుంది. నిజానికి ఆ పేజీ మొత్తంలో మనకు పనికొచ్చేది అదే. తప్పు మన యంత్రంలో ఉందా, మధ్యలో నెట్ ఇచ్చేవారి దగ్గర ఉందా, అవతలి వెబ్‌సైట్‌లో ఉందా అన్నది చాలావరకు అందులోనే తెలిసిపోతుంది. ఈ ప్రసంగం ఆ ఒక్క పంక్తి గురించి.

చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని ఉండే ప్రతి వెబ్‌సైటూ మన బ్రౌజర్ పలకరించగానే ముందుగా తన సర్టిఫికెట్ చూపిస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు లాంటిది అనుకోండి. లైసెన్సు చేతికి తీసుకున్న పోలీసు చూసేవి మూడు సంగతులు: పేరు ఈ మనిషిదేనా, గడువు తీరిందా, ఇచ్చింది నిజంగా రవాణా శాఖేనా. బ్రౌజర్ చూసేవీ ఆ మూడే. మూడూ కుదిరితేనే మన మాట వాళ్ళకీ, వాళ్ళ మాట మనకీ, మధ్యవారికి అర్థం కాని సంకేతాల్లో నడుస్తాయి. మాటలు సంకేతాల్లో ఉంటే చాలదా, ఈ పేరు గోల ఎందుకు అని అడగవచ్చు. అవతల ఉన్నది దొంగ అయితే ఎంత గుట్టుగా మాట్లాడినా ఆ గుట్టు దొంగకే చేరుతుంది కదా. అందుకని ఎవరితో మాట్లాడుతున్నామో తేల్చుకున్నాకే సంకేతాల పని మొదలవుతుంది.

ఈ సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే సంస్థలను సర్టిఫికెట్ అథారిటీలు అంటారు. అమెరికాలో డిజిసర్ట్ ఉంది, బెంగళూరులో ఈముద్ర ఉంది, 2015 చివరి నుంచి పైసా తీసుకోకుండా అందరికీ సర్టిఫికెట్లు ఇస్తున్న లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉంది. ఎవరి సంతకాన్ని నమ్మాలో, ఎవరిది నమ్మకూడదో చెప్పే జాబితా మన ఫోన్లోనో బ్రౌజర్లోనో ముందే ఉంటుంది. మైక్రోసాఫ్ట్, యాపిల్, మొజిల్లా, గూగుల్ ఎవరి జాబితా వారిది.

ఇక ఆ పంక్తి దగ్గరికి వద్దాం. దాంట్లో ‘డేట్ ఇన్‌వ్యాలిడ్’ అన్న మాటలుంటే ముందు మీ కంప్యూటర్ గడియారం చూడండి. తెర కింద కుడి మూలన గంటలు, నిమిషాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ఊరుకుంటాం. తేదీ చూడాలి, నెల చూడాలి, సంవత్సరం చూడాలి. సర్టిఫికెట్‌కి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని రెండు హద్దులుంటాయి. మన కంప్యూటర్ ఏ సంవత్సరంలోనో వెనకబడి ఉంటే నిన్న ఇచ్చిన సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు. ఒక్క వెబ్‌సైట్ కాదు, తెరిచిన ప్రతిదీ ఎర్ర త్రికోణం చూపిస్తే ముందు గడియారాన్నే అనుమానించాలి. క్రోమ్ కొన్నిసార్లు ‘మీ గడియారం వెనకబడింది’ అని నేరుగానే చెప్పేస్తుంది.

మా బస్టాండు పక్కన ఒక నెట్ సెంటర్ ఉంది. వరసగా పాత డెస్క్‌టాప్‌లు. దరఖాస్తుల ఆఖరు తేదీ వచ్చిందంటే బయట మెట్ల దాకా పిల్లలు నిలబడతారు. ఆ వరసలో గోడవైపు ఉన్న యంత్రంలో పొద్దున్నే ఏ సైటూ తెరుచుకునేది కాదు. సెంటర్ నడిపే అబ్బాయి రోజూ తాళం తీయగానే ముందు దాని దగ్గర కూర్చుని తేదీ సరిచేసేవాడు. మధ్యాహ్నం కరెంటు పోతే మళ్ళీ సరిచేసేవాడు. వేరే యంత్రం దొరకని రోజున, వరసలో నిలబడ్డ పిల్ల తొందరపడుతుంటే, ‘అడ్వాన్స్‌డ్ నొక్కేసెయ్ అమ్మా, ఏం కాదు’ అనేవాడు. డబ్బా విప్పి చూస్తే సమస్య మదర్‌బోర్డు మీద కూర్చున్న బిళ్ళ బ్యాటరీలో ఉంది. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ అంకెల్లోనే దాని కొలతలున్నాయి. 3 వోల్టుల బ్యాటరీ. కంప్యూటర్ ఆపేసినప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. కొన్నేళ్ళకు అరిగిపోతుంది. అది పోయాక కరెంటు తీసినప్పుడల్లా తేదీ ఆ మదర్‌బోర్డు తయారైన కాలానికి వెళ్ళిపోతుంది. వాచీల దుకాణంలో కొద్ది రూపాయలకే దొరికే బ్యాటరీ వేశాక ఆ యంత్రం మళ్ళీ ఎర్ర త్రికోణం చూపలేదు. నాకు బాధ కలిగించింది ఏమిటంటే, అక్కడికి వచ్చిన ఎందరో పిల్లలు తమ జీవితంలో చూసిన మొదటి హెచ్చరికను ‘ఏం కాదు, నొక్కేయడమే’ అని నేర్చుకుని వెళ్ళారు.

విండోస్‌లో గడియారం మీద కుడి క్లిక్ చేసి, తేదీ, సమయం సరిచేసే పేజీ తెరవండి. సమయాన్ని దానంతట అదే తీసుకునే మీట ఆన్‌లో ఉండాలి. టైమ్ జోన్ మనదై ఉండాలి. ఆ జాబితాలో హైదరాబాదు కోసమో విజయవాడ కోసమో వెతకకండి, ఉండవు. ‘చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ’ అని ఉన్నదే మనది. తేదీ సంవత్సరాల తరబడి తప్పి ఉంటే ముందు చేత్తో దగ్గరకు తెచ్చి, ఆ తరువాత ‘సింక్ నౌ’ నొక్కితే మంచిది. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంకొక చిక్కు. వాళ్ళ పద్ధతిలో నెల ముందు, రోజు తరువాత. జులై 5 పెడుతున్నాననుకుని మే 7 పెట్టేస్తాం. రెండు నెలలు వెనక్కి పోతాం. గడియారంలో గంటలూ నిమిషాలూ సరిగ్గానే ఉంటాయి కనుక అనుమానం రాదు. కానీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ల ఆయుష్షు 90 రోజులు. గడువు ఇంకా ఉండగానే కొత్తవి తెచ్చుకుంటూ ఉంటారు. రెండు నెలలు వెనకబడిన ల్యాప్‌టాప్‌లో అలాంటి సైట్లు చాలావరకు తెరుచుకోవు, మిగతావి కొన్ని తెరుచుకుంటాయి. నెట్ బాగోలేదని సర్వీసు వారికి ఫోన్లు చేస్తూ ఉంటాం.

మన గడియారం శుభ్రంగా ఉంది, అయినా ఒకే ఒక సైటు దగ్గర అదే మాట వస్తోంది. అంటే వాళ్ళ సర్టిఫికెట్ గడువు తీరింది. ఇందులో మనం సరిచేయగలిగింది ఏదీ లేదు. బ్రౌజర్లో పాత ఫైళ్ళు తుడిచేయమని, ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవమని సలహాలిస్తారు. అవి తుడిచినందువల్ల సర్టిఫికెట్ మీద తేదీ మారదు, పేరు మారదు, సంతకం మారదు. గడువు తీరడం పెద్ద పెద్ద సంస్థలకూ జరిగింది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలు ఆగిపోయింది. వాళ్ళ సర్టిఫికెట్‌నే వాళ్ళు కొత్తది చేయించుకోవడం మరిచారు. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓటూ అనే ఫోన్ కంపెనీ వినియోగదారులు కోట్ల మంది రోజంతా మొబైల్ డేటా లేక ఇబ్బందిపడ్డారు. కారణం, ఎరిక్సన్ సాఫ్ట్‌వేర్‌లో గడువు తీరిన ఒక సర్టిఫికెట్.

గడువు తీరి ఒక రోజే అయింది కదా, సైటు వాళ్ళదే కదా, నొక్కితే ఏమవుతుంది అంటారు. చదివి వచ్చేయడానికైతే, అంటే ఒక నోటిఫికేషన్ చూసి రావడానికైతే, పెద్ద నష్టం ఉండకపోవచ్చు. పాస్‌వర్డ్ గాని, ఓటీపీ గాని, ఆధార్ నంబరు గాని, డబ్బు గాని ఉన్న చోట మాత్రం ఒక రోజైనా ఒకటే, ఒక సంవత్సరమైనా ఒకటే. ఆగండి. ఆ సైటు వారికి ఫోన్ చేసి చెప్పండి.

రెండో రకం, ఆ పంక్తిలో ‘కామన్ నేమ్ ఇన్‌వ్యాలిడ్’ అని ఉంటుంది. పేరు కుదరలేదన్నమాట. ముందు మీరు కొట్టిన చిరునామా అక్షరం అక్షరం చదువుకోండి. ఒక అక్షరం జారితే వేరెవరి ఇంటికో వెళ్ళి ఉంటారు. స్పెల్లింగ్ సరిగ్గా ఉంటే, ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ చేర్చి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. కొన్ని సంస్థలు రెండు రూపాల్లో ఒకదానికే సర్టిఫికెట్ తీసుకుని రెండోదాన్ని వదిలేస్తాయి.

ఈ రకం హెచ్చరిక మనకు ఎక్కువగా ఎదురయ్యేది ఉచిత వైఫై ఉన్న చోట. స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని వైఫై కలుపుతాం, వెంటనే బ్యాంకు సైటు తెరుస్తాం. అక్కడి వైఫై మన ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చేదాకా మన అభ్యర్థనలన్నింటినీ తన లాగిన్ పేజీ వైపు తిప్పుతుంది. మనం అడిగింది బ్యాంకును, జవాబు చెప్పింది వైఫై పెట్టె. అది చూపించిన సర్టిఫికెట్‌లో బ్యాంకు పేరు ఎలా ఉంటుంది? బ్రౌజర్ అడ్డుపడుతుంది, పడి తీరాలి. ఈ మధ్య ఫోన్లు దీన్ని పసిగట్టి ‘నెట్‌వర్క్‌లోకి సైన్ ఇన్ చేయండి’ అని పైన ఒక సూచన చూపిస్తున్నాయి. అది నొక్కి లాగిన్ పూర్తిచేస్తే హెచ్చరిక పోతుంది. ఆ సూచన రాకపోతే నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ అని ఒక సైటు ఉంది, అది తెరవండి. కావాలనే సర్టిఫికెట్ లేకుండా నడుపుతున్నారు, లాగిన్ పేజీని బయటకు రప్పించడానికే. లాగిన్ అయ్యాక కూడా బ్యాంకు దగ్గర త్రికోణం వస్తుంటే వైఫై తీసేసి మొబైల్ డేటాలో చూడండి.

ఈ వైఫై మార్చి చూడడం అన్నిటికీ పనికొచ్చే పరీక్ష. అదే సైటును మీ ఫోన్లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద తెరవండి. అక్కడా అదే హెచ్చరిక వస్తే తప్పు సైటు వారిది. అక్కడ చక్కగా తెరుచుకుంటే మీ కంప్యూటర్‌దో, మీ ఇంటి నెట్‌దో. ఇంట్లో ఇంకో యంత్రం ఉంటే ఆ రెండింటిలో ఏదో కూడా తేలిపోతుంది. ఒక మినహాయింపు ఉంది, అది కాసేపట్లో చెబుతాను.

మూడోది, ‘అథారిటీ ఇన్‌వ్యాలిడ్’. పేరుంది, గడువుంది, సంతకం పెట్టినవాడు ఎవరో బ్రౌజర్‌కి తెలియదు. మూడింటిలో నేను అన్నిటికంటే భయపడేది దీనికే. అలాగని ప్రతిసారీ దొంగ ఉంటాడని కాదు. చాలాసార్లు మన పరికరమే పాతదై ఉంటుంది. 2021 సెప్టెంబరు 30న, లెట్స్ ఎన్‌క్రిప్ట్ మొదట్లో అరువు తెచ్చుకుని వాడుకున్న ఒక పాత మూల సర్టిఫికెట్, అంటే నమ్మకస్తుల జాబితాలో ఉండే సర్టిఫికెట్, గడువు తీరింది. ఆ సంస్థ సొంత మూల సర్టిఫికెట్ కొత్త ఫోన్లలో ఉంది, పాతవాటిలో లేదు. ఆ రోజు నుంచి ఎన్నో పాత మ్యాక్ కంప్యూటర్లు, పాత ఐఫోన్లు నిన్నటి దాకా తెరిచిన సైట్లను తెరవడానికి నిరాకరించాయి. ఆండ్రాయిడ్ 7.1 కంటే పాత ఫోన్లను మాత్రం ప్రత్యేక ఏర్పాటుతో మరో మూడేళ్ళు లాక్కొచ్చారు, తరువాత అదీ అయిపోయింది. తాతగారి దగ్గర ఉన్న పాత ఫోన్లో ఉన్నట్టుండి సైట్లు ఆగిపోతే తాతగారు ఏదో నొక్కి పాడుచేశారని కసరకండి. ఫోన్లో ఉన్న నమ్మకస్తుల జాబితా పాతబడిపోయింది, అంతే.

ఇంకొకటి, కొన్ని యాంటీవైరస్ ప్రోగ్రాములు మన రాకపోకలను తనిఖీ చేయడానికి మధ్యలో కూర్చుని, అసలు సర్టిఫికెట్ స్థానంలో తమ సంతకంతో ఒకటి చూపిస్తాయి. కొన్ని ఆఫీసుల్లో ఫైర్‌వాల్ కూడా ఇదే పని చేస్తుంది. వాటి సంతకం బ్రౌజర్ జాబితాలో సరిగ్గా చేరకపోతే అన్ని సైట్లకూ హెచ్చరికలు మొదలవుతాయి. ఎవరు మధ్యలో ఉన్నారో తెలుసుకోవడం కష్టం కాదు. చిరునామా పక్కన ‘నాట్ సెక్యూర్’ అన్న మాట నొక్కి, సర్టిఫికెట్ వివరాలు తెరిచి, ‘ఇష్యూడ్ బై’ అన్న చోట చూడండి. మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే దాని సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపి చూడండి. ఆఫీసు పేరు ఉంటే ఆఫీసులో కంప్యూటర్లు చూసేవారిని అడగండి. ఇంట్లో కూర్చుని తెరిస్తే, ఎప్పుడూ వినని పేరు అక్కడ ఉంటే, ఆ నెట్ మీద ఇక ఏ లాగినూ చేయకండి.

నొక్కేయడం ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే 2011 నాటి ఒక సంఘటన చెప్పాలి. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంతకాల సంస్థ ఉండేది. ఆ దేశ ప్రభుత్వమే దాని సర్టిఫికెట్లు వాడేది. ఆ వేసవిలో దాని కంప్యూటర్లలోకి ఎవరో చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించుకున్నారు. అందులో ఒకటి గూగుల్ పేరు మీద. సంతకం అసలుదే కనుక ప్రపంచంలోని బ్రౌజర్లు దాదాపు అన్నీ దాన్ని నమ్మాయి. దాన్ని ఇరాన్‌లో వాడారు. జీమెయిల్ తెరిచినవారికీ గూగుల్‌కీ మధ్య కూర్చుని సుమారు 3 లక్షల మంది రాకపోకలను చూడగలిగారు. అయితే క్రోమ్ బ్రౌజర్లో గూగుల్ అప్పటికే ఒక జాగ్రత్త పెట్టింది. తన సైట్లకు ఎవరెవరు సంతకం పెట్టవచ్చో బ్రౌజర్లోనే రాసిపెట్టింది. అందువల్ల ఆగస్టు చివర్లో క్రోమ్ వాడుతున్న ఇరానీయుడు ఒకరికి హెచ్చరిక వచ్చింది. ఆయన నొక్కేసి లోపలికి పోలేదు. ఆ సర్టిఫికెట్ వివరాలు తీసి, ఇదేమిటని గూగుల్‌ను బహిరంగంగా అడిగాడు. అంతే, మొత్తం బయటపడింది. రోజుల్లోనే బ్రౌజర్లన్నీ డిజినోటార్‌ను జాబితాల నుంచి తీసేశాయి, సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసింది. ఆయన స్థానంలో మనం ఉంటే ఏం చేసి ఉండేవాళ్ళమో ఆలోచించుకోవలసిన విషయం.

మన దేశానికీ ఇలాంటిదే తగిలింది. ఐటీ చట్టం కింద ఢిల్లీలో సర్టిఫైయింగ్ అథారిటీల కంట్రోలర్ ఉన్నారు. ఆ కంట్రోలర్ గొడుగు కింద నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్లు ఇచ్చేది. 2014 జులై 2న, గూగుల్ పేరు మీద అక్కడి నుంచి అనధికార సర్టిఫికెట్లు బయటకు వచ్చాయని గూగుల్ కనిపెట్టింది. మర్నాడే కంట్రోలర్ ఆ కేంద్రం సర్టిఫికెట్లను రద్దు చేశారు. తరువాత క్రోమ్ మన దేశపు మూల సర్టిఫికెట్‌ను గవ్ డాట్ ఇన్, నిక్ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ వంటి కొన్ని పేర్లకే పరిమితం చేసింది. ఫైర్‌ఫాక్స్ జాబితాలో ఆ మూల సర్టిఫికెట్ ముందే లేదు కనుక దాన్ని వాడేవారికి ఏ ముప్పూ రాలేదు. ఎవరి జాబితా వారిదే అని మొదట్లో చెప్పింది ఇక్కడ అర్థమవుతుంది.

మరి నొక్కుదామన్నా ‘ప్రొసీడ్’ అన్న మాటే కనిపించని పేజీలుంటాయి. ఈ సైటుకు ఎప్పుడూ సర్టిఫికెట్‌తోనే రావాలి, మినహాయింపులు లేవు అని ఆ సైటు వారు బ్రౌజర్‌కి ముందే చెప్పి ఉంచారన్నమాట. అది మన మేలుకే. అక్కడ అడ్డదారులు వెతకవద్దు. క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ తెరిచి చివర్లో ఒక ఆదేశం చేర్చండి, ఇక హెచ్చరికలే రావు అని చెప్పే వీడియోలు కనిపిస్తాయి. దయచేసి ఆ పని చేయకండి. దాంతో ఒక్క సైటుకు కాదు, బ్యాంకుతో సహా అన్ని సైట్లకూ తనిఖీ పోతుంది. ఎవరైనా వాట్సాప్‌లో ఒక సర్టిఫికెట్ ఫైలు పంపి, ఇది ఫోన్లో ఇన్‌స్టాల్ చేసుకుంటే సైటు తెరుచుకుంటుందంటే అదీ చేయకండి. అలా చేస్తే నమ్మకస్తుల జాబితాలో ఒక కొత్తవాణ్ణి మనమే కూర్చోబెట్టినట్టు. కజఖ్‌స్తాన్‌లో 2019లో ప్రభుత్వమే ప్రజల చేత ఇలాంటిది పెట్టించింది. ఆగస్టులో గూగుల్, మొజిల్లా, యాపిల్ మూడూ కలిసి దాన్ని తమ బ్రౌజర్లలో పనిచేయకుండా ఆపేశాయి. మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో ‘ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్’ అని ఒక చోటుంది, అందులో ‘యూజర్’ అన్న భాగం. మామూలుగా అది ఖాళీగా ఉండాలి. ఆఫీసు వారు పెట్టింది కాకుండా మరేదైనా ఉంటే తీసేయండి.

హెచ్చరిక సహజంగానే వచ్చే చోట్లు లేకపోలేదు. ఇంటి వైఫై రౌటర్ సెట్టింగ్స్ కోసం 192.168 తో మొదలయ్యే చిరునామా తెరిచినప్పుడు వస్తుంది. ఆ పెట్టె తన సర్టిఫికెట్ మీద తనే సంతకం పెట్టుకుంది. జీఎస్టీ రిటర్నుల మీద డిజిటల్ సంతకం పెట్టే అకౌంటెంట్లకు 127.0.0.1 అన్న చిరునామా తెలుసు. అది ఎక్కడో ఉన్న సైటు కాదు, మన కంప్యూటరే. అక్కడ నడిచే సంతకం ప్రోగ్రాముకు అనుమతి ఇవ్వవలసి వస్తుంది. మన యంత్రంతోనో మన ఇంటి పెట్టెతోనో మాట్లాడుతున్నామని స్పష్టంగా తెలిసిన ఇలాంటి చోట్ల నొక్కవచ్చు.

ఇక అటువైపు వారితో, అంటే కాలేజీలు, ఆస్పత్రులు, సహకార సంఘాలు, శాఖల వెబ్‌సైట్లు నడిపేవారితో కూడా ఒక మాట చెప్పాలి. ఒక విద్యాసంస్థ ఫీజు పేజీ గడువు తీరిపోతే, తల్లిదండ్రులకు వచ్చిన సందేశం ఇది: ‘ఎర్ర గుర్తు వస్తే అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ అవ్వండి.’ ఆ సందేశం వేలమందికి వెళ్ళింది. అందులో కొందరికైనా అది జీవితాంతం అలవాటవుతుంది. రేపు ఎవడో అసలైన మోసగాడు ఎదురైనప్పుడు వాళ్ళు ఆగరు. సర్టిఫికెట్ కొత్తది తెచ్చుకోవడం డబ్బు ఖర్చులేని పని, దానంతట అదే జరిగేలా సర్వర్‌లో ఏర్పాటు చేసుకోగలిగిన పని. చేత్తో ఏడాదికోసారి చేద్దాంలే అనుకునే రోజులు కూడా అయిపోయాయి. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్ల, సర్టిఫికెట్ సంస్థల ఉమ్మడి వేదిక తీసుకున్న నిర్ణయం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులే. తేదీ గుర్తుపెట్టుకుని చేత్తో మార్చే ఉద్యోగి ఎంత శ్రద్ధ ఉన్నవాడైనా 47 రోజులకోసారి ఎన్నేళ్ళు మార్చగలడు?

ఫోన్లో మొబైల్ డేటా మీద తెరిచి చూసే పరీక్షకు ఉందన్న మినహాయింపు ఇక్కడే వస్తుంది. మూల సంస్థకూ సైటు సర్టిఫికెట్‌కూ మధ్య ఒక నడిమి సర్టిఫికెట్ ఉంటుంది. దాన్ని కూడా సర్వరే పంపాలి. పంపడం మరిచిపోతే కొన్ని బ్రౌజర్లు తామే తెచ్చుకుని పని నడిపిస్తాయి, కొన్ని తెచ్చుకోవు. ఆఫీసులో కంప్యూటర్‌లో బాగానే వస్తుంది, ఊళ్ళో వాళ్ళ ఫోన్లలో రాదు. ‘మా దగ్గర వస్తోందండీ, మీ ఫోనే బాగాలేదు’ అని ఫోన్ పెట్టేస్తారు. అలా పెట్టేయకుండా ఒకసారి సర్వర్ చూడమని నా కోరిక.

హెచ్చరిక ఏదీ రాకుండా చక్కగా తెరుచుకున్న సైటు మంచిదే అనుకోవడమూ పొరపాటే. సర్టిఫికెట్ చెప్పేది పేరు నిజమని మాత్రమే, మనిషి మంచివాడని కాదు. మోసగాళ్ళు కూడా తమ సైటు పేరు మీద ఉచితంగా సర్టిఫికెట్ తీసుకుంటున్నారు. తాళం గుర్తు చూసి జనం మోసపోతున్నారనే 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది. బ్యాంకుల విషయంలో మన రిజర్వు బ్యాంకు ఒక మంచి ఏర్పాటు చేసింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అన్న చిరునామాకు మారాలని చెప్పింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది. బ్యాంకు కాని వాళ్ళకు ఆ పేరు దొరకదు. కాబట్టి హెచ్చరిక లేకపోయినా చిరునామా చివర చూసుకోండి.

ఇప్పటికే ఎక్కడైనా నొక్కి లోపలికి వెళ్ళి ఉంటే ఏం చేయాలి? క్రోమ్ మీ నిర్ణయాన్ని కొన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటుంది, మళ్ళీ అడగదు. ఆ సైటు తెరిచి, చిరునామా పక్కన ‘నాట్ సెక్యూర్’ నొక్కి, హెచ్చరికలను మళ్ళీ ఆన్ చేయండి. అక్కడ పాస్‌వర్డ్ కొట్టి ఉంటే దాన్ని వేరే ఫోన్ నుంచి, వేరే నెట్ మీద ఈరోజే మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చండి. కార్డు నంబరు ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. మీకు వచ్చిన హెచ్చరిక పేజీని, ఆ సన్నటి అక్షరాల పంక్తి స్పష్టంగా కనపడేలా, ఒక ఫోటో తీసి ఉంచండి. సైటు వారికి చెప్పాలన్నా, ఫిర్యాదు ఇవ్వాలన్నా ఆ ఫోటో, తేదీ, సమయం, సైటు చిరునామా ఉంటే చాలు.